చోదకుడు గురవయ్య శ్వాసవిరమణ

మా సంస్థలో చనిపోవడం నిషేధించి మూడేళ్ళయింది.

కంగారు పడకండి. మనుషులు పోతూనే ఉన్నారు, పోయినవాళ్ళ ఇంటికి పూలదండ వెళ్తూనే ఉంది. ఆ మాట వాడటం వరకే నిషేధం. మాది బస్సుల సంస్థ. నేను వేమవరం డిపోలో కండక్టర్ని, పేరు మస్తాన్‌రావు. కండక్టర్ అన్నానని మాత్రం ఎక్కడా చెప్పకండి. సిబ్బంది అధికారిగా పరాంకుశం గారు వచ్చిన కొద్దిరోజులకే నేను యాత్రాపత్ర ప్రదాతనయ్యాను. డ్రైవర్లు చోదకులయ్యారు. టైరు పంక్చరైతే డిపోకి ఫోను చేసి చక్రవాయు నిష్క్రమణ అని చెప్పాలి. బ్రేకు పడకపోతే నిరోధక నిరాసక్తత. ఆ మాట పూర్తిగా పలికేలోపు బస్సు ఎక్కడుంటుందన్నది మా సొంత పూచీ.

పరాంకుశం గారికి తెలుగంటే ప్రాణం. నాకూ ఇష్టమే, మా అమ్మ మాట్లాడేది అదే. కాకపోతే ఆయన తెలుగు మా అమ్మకి అర్థం కాదు. ఒకసారి సంతకి పోయే ముసలమ్మ బస్సెక్కితే, రూలు రూలే కాబట్టి, "అమ్మా, యాత్రాపత్రం తీసుకో" అన్నాను. "నాకు యాత్రలేంది నాయనా, ఎండుమిరపకాయలు అమ్ముకోను పోతన్నా" అని ఆవిడ మూట సర్దుకుని దిగిపోబోయింది. మళ్ళీ ఎక్కించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

చావు సంగతికొస్తే, అది అమంగళమైన మాటని పరాంకుశం గారి అభిప్రాయం. "పదవీ విరమణ అంటున్నాం, స్వచ్ఛంద విరమణ అంటున్నాం. ఆ వరుసలోనే శ్వాసవిరమణ అందాం. ఎంత హుందాగా ఉందో చూడండి!" అన్నారు. నియమావళిలో మరణం అని ఉన్న ప్రతిచోటా శ్వాసవిరమణ అని దిద్దించారు. విరమణలన్నీ ఒక కుటుంబమే గనక అన్నిటినీ కలిపి విరమణల విభాగానికి అప్పగించారు. దానికి సూపరింటెండెంటు చలమయ్య గారు. ఆయన దేన్నీ ప్రశ్నించే మనిషి కాదు. ఒక బీరువాలో శాలువాలు, ఇంకో బీరువాలో దండలు పెట్టుకుంటారు. ఫైలు రాగానే ఏ బీరువా తెరవాలో చూసుకుంటారు.

ఈ ఏర్పాటంతా సజావుగానే నడిచింది, మా గురవయ్యన్న గురక పెట్టేదాకా.

గురవయ్యన్న డ్రైవరు. నేనూ ఆయనా కలిసి నైట్ హాల్టు బస్సు మీద పనిచేసేవాళ్ళం. కొండ దిగువన ఆఖరి ఊరికి పోయి, బస్సులోనే పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పుతో తిరిగి రావడం మా డ్యూటీ. ఆయన గురకకి మొదట్లో ఆ ఊరి కుక్కలు మొరిగేవి, తర్వాత అలవాటు పడ్డాయి. నేను పడలేదు. గురక ఉన్నప్పుడు కాదు నా బాధ, అది ఆగినప్పుడు. ఉన్నట్టుండి చప్పుడు తెగిపోయేది. నేను లేచి కూర్చుని "అన్నా, అన్నా" అని కుదిపితే ఒక్క గుక్క పెట్టి గాలి పీల్చుకుని మళ్ళీ మొదలెట్టేవాడు. తెల్లారి అడిగితే "నేను మొద్దల్లే పడుకున్నా, నీకే ఏదో పీడకల వచ్చుంటది" అనేవాడు. అంత మొద్దులా నిద్రపోయిన మనిషి పగలంతా ఆవులిస్తూనే ఉండేవాడు.

ఒకరోజు రైలుగేటు వేసి ఉంటే బస్సాపాడు. రైలు పోయింది, గేటు లేచింది, వెనకాల లారీలు హారన్లు మోగిస్తున్నాయి, మా బస్సు కదల్లేదు. చూస్తే గురవయ్యన్న స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. భుజం తట్టాను. లేచి, ముందు గేటు చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి బస్సులో ఉన్న బడిపిల్లల్ని చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. బస్సుని మెల్లగా పట్టాలు దాటించి ఓ పక్కన ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "వేరే డ్రైవర్ని పంపమను మస్తానూ. ఇదేందో తేలేదాకా నేను తోలను" అన్నాడు. సర్వీసంతటిలో ఒక్క మేకపిల్లకి కూడా దెబ్బ తగలనివ్వని మనిషి. ఎవరూ చెప్పకుండానే దిగిపోయాడు.

ఒంగోల్లో డాక్టరు ఒంటినిండా తీగలు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టి చూశాడు. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని, ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతోందని, అందుకే రాత్రంతా పడుకున్నా నిద్ర పట్టనట్టేనని చెప్పాడు. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారట. దానికో మిషను ఇచ్చాడు. రెండు గిన్నెల క్యారేజీ అంత ఉంటుంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. పడుకున్నంతసేపూ గాలిని తోస్తూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది.

మొదట్లో గురవయ్యన్న ఆ మాస్కుతో కుస్తీ పట్టాడు. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఫోను చేశాడు. "మస్తానూ, నాకు కల వచ్చిందిరా! కల వచ్చి ఎన్నేళ్ళయిందో!" ఏం కలన్నా అంటే, బస్సు తోలుతున్నట్టు అన్నాడు. ఆవులింతలు పోయాయి. మొహం తేటపడింది. డాక్టరు మళ్ళీ పరీక్ష చేసి, మిషను వాడుతున్నంత కాలం నిక్షేపంగా బస్సు నడపొచ్చని సర్టిఫికెట్ రాసిచ్చాడు. అది పట్టుకుని ఇద్దరం పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాం. నోరున్నవాణ్ణని నన్ను తోడు తీసుకెళ్ళాడు.

పరాంకుశం గారు సర్టిఫికెట్ అందుకుని నొచ్చుకున్నారు. "ఆంగ్లంలో ఉంది. ఆంగ్లంలో ఉన్నదానిపై చర్య తీసుకొనుటకు నాకు మనస్సు రాదు. ఈ ఆప్నియా అనగానేమి?"

"నిద్రలో ఊపిరి ఆగడం సారూ" అన్నాడు గురవయ్యన్న.

"ఊపిరి అనగా శ్వాస. ఆగడం అనగా విరమించడం." పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది. "మనకు పదం ఉన్నది కదయ్యా! సిద్ధంగా ఉన్నది! శ్వాసవిరమణ!"

ఆ మాట ఆయనే సర్టిఫికెట్ మీద ఎర్రసిరాతో రాసి, కింద గీత కూడా గీశారు. శ్వాసవిరమణ అని ఉన్న కాగితం మా సంస్థలో ఇంకెటూ పోదు, నేరుగా చలమయ్య గారి బల్ల మీదికి పోతుంది. పోయింది.

మర్నాడు పొద్దున నేను గురవయ్యన్న ఇంట్లో ఉండగానే చలమయ్య గారు దండతో సహా గుమ్మంలోకి వచ్చారు. మా వదిన సుబ్బరత్తమ్మ ఎదురెళ్ళింది.

"ఎవరికి సారూ ఆ దండ?"

"మీవారికమ్మా. శ్వాసవిరమణ పొందారు. సంస్థ తరఫున ప్రగాఢ సానుభూతి."

"మా ఆయన లోపల పెసరట్టు తింటన్నాడు!"

"తిననివ్వండమ్మా. తినకూడదని నియమావళిలో ఎక్కడా లేదు."

గురవయ్యన్న అల్లప్పచ్చడి అంటిన వేలితో బయటికొచ్చాడు. చలమయ్య గారు ఆయన్ని ఆపాదమస్తకం చూసి, "కీర్తిశేషులు మీరేనా?" అని అడిగి, అవునో కాదో తెలీక ఆయన నీళ్ళు నములుతుంటే మెళ్ళో దండ వేసేశారు. నిజానికి ఫోటోకి వేయాలట. మనిషే ఎదురుగా ఉండగా ఫోటో వెతికించడం ఎందుకని ఆ వెసులుబాటు కల్పించారట. తర్వాత వదిన వైపు తిరిగి, కారుణ్య నియామకం కింద డిపోలో బస్సులు కడిగే కొలువు ఆమెకి సిద్ధంగా ఉందనీ, సోమవారం నుంచి రావచ్చనీ చెప్పారు.

వదిన కొంగు బిగించింది. "పెసరట్టు తినే మొగుడు పెసరట్టు తింటా ఉంటే, ఆయన పోయాడని చెప్పి నేనొచ్చి మీ బస్సులు కడగాల్నా? నీకింట్లో ఆడోళ్ళు లేరా?"

"ఉన్నారమ్మా. కానీ నేనింకా విరమణ పొందలేదు" అన్నారు చలమయ్య గారు వినయంగా. వదిన అట్లకాడ కోసం లోపలికి పోయేసరికి ఆయన వీధి మలుపు దాటిపోయారు.

మేం మళ్ళీ పరాంకుశం గారి దగ్గరికి పరుగెత్తాం. గురవయ్యన్న దండ కూడా తీయలేదు, సాక్ష్యంగా ఉంటుందని.

"నేను బతికే ఉండాను సారూ" అన్నాడు.

"ఆ విషయంలో సంస్థకు మీతో ఎట్టి అభిప్రాయభేదమూ లేదు" అన్నారు పరాంకుశం గారు. "మీరు చక్కగా జీవించియున్నారు. కానీ విరమణ పొందియున్నారు."

"ఇప్పుడు ఊపిరి ఆగట్లేదు సారూ. మిషను పెట్టుకుంటన్నాగా. డాక్టరు కూడా అదే రాశాడు."

"చూడండి గురవయ్య గారూ. పదవీ విరమణ పొందినవారు అటుపిమ్మట హాయిగా, ఆరోగ్యంగా ఉంటారు. కొందరు మునుపటికన్నా ఆరోగ్యంగా ఉంటారు. అంతమాత్రాన వారి విరమణ రద్దగునా? కాదు. మీదీ అంతే."

ఆ తర్కంలో ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇవాళ్టికీ నాకు తెలీదు.

ఆయన కూడా నిర్దయులేం కాదు. కాసేపు గడ్డం నిమురుకుని ఒక దారి చూపించారు. "ప్రతి ఉదయం నిద్రలేవగానే మీకు పునర్నియామకం ఇవ్వవచ్చును. అయితే కొత్తగా చేరిన చోదకునికి ఆరు వారాల శిక్షణ తప్పనిసరి. మొదటిరోజు శిక్షణ పూర్తయ్యేసరికి సాయంత్రమవుతుంది. మీరు ఇంటికి పోయి నిద్రిస్తారు. నిద్రించిన చోదకుడు పాత చోదకుడు. లేచిన చోదకుడు కొత్త చోదకుడు. శిక్షణ మళ్ళీ మొదటినుంచి."

"అంటే ఎప్పటికీ మొదటిరోజే?"

"నిత్యనూతనం!" అన్నారు పరాంకుశం గారు. ఆ మాట ఆయనకే నచ్చి రాసిపెట్టుకున్నారు.

ఆ తర్వాత గురవయ్యన్న రోజూ పొద్దున బస్టాండుకి వచ్చి నిలబడేవాడు. మా బస్సుని ఒక కుర్ర డ్రైవరు తోలేవాడు. వాడు గేరు మార్చినప్పుడల్లా బస్సు గరగరలాడేది, ఈయన పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టేవాడు. బస్సు కదిలాక వెనక టైరు వైపు వంగి చూసి, "గాలి తగ్గింది, చెప్పు వాడికి" అని నాకు సైగ చేసేవాడు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నిజంగా పోయినా బాగుండేది మస్తానూ. ఇదంతా చూసే పని ఉండేది కాదు" అన్నాడు. నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ రోజంతా నేను టిక్కెట్లు సరిగ్గా కొట్టలేకపోయాను. జబ్బుండగా తోలనిచ్చిన సంస్థ, జబ్బు కుదిరాక దించేసింది. కుదిరిందని చెప్పుకోవడమే ఆయన చేసిన తప్పు.

ఇదిలా ఉండగా సంతాపసభ వచ్చిపడింది. శ్వాసవిరమణ పొందిన ప్రతివారికీ డిపోలో సభ జరపాలి, అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించాలి. గురవయ్యన్నకి ముందువరసలో కుర్చీ వేశారు. చలమయ్య గారు కొత్త దండ తెచ్చారు, పాతది వాడిపోయిందని. క్యాంటీనులో గుత్తివంకాయ, ముద్దపప్పు, గడ్డపెరుగుతో భోజనాలయ్యాక సభ మొదలైంది.

పరాంకుశం గారు చాలాసేపు మాట్లాడారు. "శ్రీ గురవయ్య గారి వంటి చోదకరత్నం నేడు మన మధ్య లేకపోవడం సంస్థకు తీరని లోటు" అన్నారు.

"బస్సియ్యండి సారూ, నేనే తీరుస్తా" అన్నాడు గురవయ్యన్న ముందువరసలోంచి. గారేజీ మెకానిక్కులందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు వాళ్ళకేసి కోపంగా చూసి మౌనం ప్రకటించారు.

అందరం లేచి తలలు వంచుకున్నాం. మోకాళ్ళ నొప్పుల మూలంగా పరాంకుశం గారికి మాత్రం కూర్చుని మౌనం పాటించే హక్కుంది. సభకి అధ్యక్షులూ ఆయనే. భారీ మనిషి, మెడ పొట్టి, కడుపులో గడ్డపెరుగు. అధ్యక్షులు "ఆసీనులు కండి" అనేదాకా ఎవరూ కూర్చోకూడదని రూలు. నిలబడ్డాం. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. నిలబడే ఉన్నాం. ఎవరికి కాళ్ళు లాగుతున్నా ఒక్కరూ కళ్ళు తెరవలేదు, ఇంత గొప్ప సంతాపం మా డిపోలో ఎప్పుడూ జరగలేదనుకుంటూ.

అప్పుడు వేదిక మీదినుంచి గురక వినిపించింది. మొదట సన్నగా, తర్వాత ఘాట్ ఎక్కుతున్న పాత బస్సులా. అందరం కళ్ళు తెరిచాం. గురక ఇంకా పెరిగి, పెరిగి, టక్కున ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. పరాంకుశం గారి నోరు తెరుచుకుని ఉంది, రొమ్ము కదలడం లేదు.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ఎన్నో హాల్టుల్లో విన్నాను. నేను కదిలేలోపే గురవయ్యన్న మెళ్ళో దండతోనే వేదిక మీదికి దూకి, ఆయన భుజాలు పట్టి కుదిపాడు. "సారూ! లేవండి సారూ!"

పరాంకుశం గారు గుక్కపెట్టి గాలి పీల్చుకుని, "ఆసీనులు కండి!" అని అరిచారు. ఎదురుగా దండ వేసుకున్న కీర్తిశేషుడు తనని పట్టుకుని ఉండటం చూసి ఇంకోసారి అరిచారు.

ఈలోపు చలమయ్య గారు తన పని తాను చేసుకుపోయారు. సంచిలోంచి ఇంకో దండ తీసి పరాంకుశం గారి మెళ్ళో వేశారు.

"ఏమిటయ్యా ఇది?"

"శ్వాసవిరమణ సార్. డిపో యావత్తూ సాక్షులు."

"నేను కేవలం కునుకు తీసితిని!"

"నిద్రయందు సంభవించినను వర్తించును అని నిన్ననే తమరు చేర్పించారు సార్, గురవయ్య గారి విషయంలో సందేహం లేకుండా." చలమయ్య గారి గొంతులో వెటకారం లేదు, నిజమైన సానుభూతే ఉంది. "రేపు ఉదయం తమకు పునర్నియామకం. శిక్షణ ఆరు వారాలు. కారుణ్య నియామకం కింద అమ్మగారికి బస్సులు కడిగే కొలువు. సోమవారం నుంచి రావచ్చు. వారింటికి వెళ్ళి చెప్పి రానా?"

ఇంటిమాట వినగానే పరాంకుశం గారి మొహం తెల్లబోయింది. అమ్మగారిని నేనొకసారి చూశాను. చలమయ్య గారు ఆ ఇంటి గుమ్మం తొక్కితే అట్లకాడతో పోయేది కాదు.

పరాంకుశం గారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మోకాళ్ళ నొప్పి గుర్తున్నట్టు లేదు. "విరమణ అని ఎవరన్నారు? ఎవరు అనువదించారు ఆ మాటను? విరమణ అనగా శాశ్వతము. ఇది తాత్కాలికము. ఆప్నియా అనగా శ్వాసవిరమణ కాదు, శ్వాసవిరామం! విరామం! ఎంత తేడా!"

చలమయ్య గారు ఒక్క క్షణం ఆలోచించారు. "విరామం మా విభాగం కిందికి రాదు సార్" అని ఇద్దరి మెళ్ళోంచీ దండలు తీసుకుని, నీళ్ళు చిలకరించి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మా సంస్థలో విరామమంటే ఒకటే, టీ విరామం. కాబట్టి గురవయ్యన్న కాగితాలు క్యాంటీనుకి వెళ్ళాయి. క్యాంటీను నడిపే ఆదెమ్మ డాక్టరు సర్టిఫికెట్ చదివించుకుని, "మనిషి బానే ఉండాడుగా, బస్సియ్యండి" అని చెప్పి గ్లాసు మరకతో సహా తిప్పి పంపింది. అంత తేలికైన తెలుగు మా కార్యాలయానికి రావడం అదే మొదలు. దాని మీద పరాంకుశం గారు మారుమాట్లాడకుండా సంతకం పెట్టారు.

గురవయ్యన్న స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని, ముందు దిగిపోయి వెనక టైరుకి గాలి కొట్టించి, అప్పుడు ఎక్కాడు. గేరు వేస్తే చప్పుడే లేదు. రైలుగేటు దగ్గర ఆగినప్పుడు నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఆయన పట్టాల వైపు చూస్తూ కూనిరాగం తీస్తున్నాడు. ఇప్పుడు మిషను కూడా మాతోనే వస్తోంది. ఆఖరి ఊళ్ళో పాలకేంద్రం వాళ్ళు బస్సుదాకా కరెంటు తీగ లాగి ఇచ్చారు.

తర్వాతి ఆదివారం పరాంకుశం గారు ఒక సంచి పట్టుకుని గురవయ్యన్న ఇంటికి వచ్చారు. సంచిలో మిషనుంది. ఒంగోలు డాక్టరు ఆయనకీ అదే రాశాడట. "ధరించుట దుస్సాధ్యముగా నున్నది" అని మెల్లగా చెప్పుకున్నారు. గురవయ్యన్న ఆయన్ని పడకకుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు ముక్కుకి సరిగ్గా అమర్చి, పట్టీ వదులు చేసి, స్విచ్చి వేశాడు. ఆయన కాసేపు బుద్ధిగా పీల్చారు. తర్వాత కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నేనెరుగుదును, కొత్త మాట పుడుతోంది.

"దీనికొక చక్కని తెలుగు నామము..." అని మొదలెట్టారు. నోరు తెరవగానే ముక్కులోకి పోయే గాలంతా నోట్లోంచి బుస్సుమని బయటికొచ్చింది. మాట కొట్టుకుపోయింది. ఆయన తమాయించుకుని మళ్ళీ, "నాసికా..." అన్నారు. బుస్సు. "శ్వాసాను..." బుస్సు.

మా వదిన వంటింట్లోంచి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. చేతులు తుడుచుకుని, దండం పెట్టి, ఎంతో మర్యాదగా, అంతకన్నా ఎక్కువ తృప్తిగా చెప్పింది.

"నోరు మూసుకోవాల సారూ. అప్పుడే ఊపిరాడేది."

పరాంకుశం గారు మూసుకున్నారు. కాసేపటికి కుర్చీలోనే, గురక లేకుండా, పసిపిల్లాడిలా నిద్రపోయారు. ఎన్నేళ్ళ నిద్రో, సాయంత్రందాకా లేవలేదు. ఆ మిషనుకి మా సంస్థలో ఇంతవరకూ తెలుగు పేరు రాలేదు.